డ్రిల్లు మాస్టారి గొంతు

ప్రత్యేక విభాగపు అధికారి గారి సముఖమునకు,

విషయం: మృతుడైన డ్రిల్లు మాస్టారి గొంతుతో అతని తల్లికి ఫోను చేయు పని నుండి నన్ను తప్పించుట గురించి.

అయ్యా,

పెళ్లిళ్లలో, బడి వార్షికోత్సవాల్లో పదిమంది గొంతులు అనుకరించి పొట్టపోసుకునే మిమిక్రీ వాడిని, తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు డ్రిల్లు మాస్టారు ఒకప్పుడు బడిపిల్లలకు కవాతు నేర్పినవాడు. మెడలో ఈలతో సహా కొండెక్కి, సాయుధ దళానికి నాయకుడై, ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఏళ్ల తరబడి గడగడలాడించాడు. అతనిపై నాకు జాలి లేదు. ఇన్‌ఫార్మరని ముద్రవేసి మా బావను నడిబజారులో కాల్పించింది అతనే. కనుక తమ జీపు నాకోసం వచ్చినప్పుడు సంతోషంగానే ఎక్కాను.

2. గత వానాకాలం కాల్పుల్లో అతను చనిపోయాడు. ఆ సంగతి పొక్కితే మిగతావాళ్లు చేతికి చిక్కరని తమరు శవాన్ని గుట్టుగా పూడ్పించారు. అతని ఉపన్యాసాల టేపులు నాకు వినిపించి, ప్రతి శుక్రవారం నాచేత అతని తల్లికి ఫోను చేయిస్తున్నారు. కొడుకు బతికే ఉన్నాడని ఆమె నోటి మీదుగా కొండకు కబురు చేరాలని తమ ఉద్దేశం.

3. ఇప్పుడా గొంతు నన్ను వదలడం లేదు. ఇంట్లో మంచినీళ్లడిగితే అతనే అడుగుతున్నాడు. దగ్గితే అతనే దగ్గుతున్నాడు. బజారులో బావను కాల్చమన్న గొంతు కదా, మా అక్క చేతిలో చెంబు వదిలేసి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. "ఆ గొంతుతో నా ఇంట్లో తిరగకురా" అని లోపలినుంచి ఏడ్చింది. చచ్చినవాడు నా గొంతులో కాపురం పెట్టాడు. భయంగా ఉందయ్యా.

4. మొన్న శుక్రవారం తమ ఆపరేటరు టీకి వెళ్లిన సమయమున నేను యథావిధిగా, "అమ్మా, బాగున్నావా?" అన్నాను.

"పక్కన ఎవరన్నా ఉన్నారా నాయనా?" అంది ఆ తల్లి.

లేరన్నాను.

"మాది ఉమ్మడి కుటుంబం. మా మరుదులంతా నన్ను వదినా అంటుంటే విని, మావాడూ వదినా అనే పిలిచేవాడు. ఎంత చెప్పినా అమ్మా అనలేదు. నువ్వు మొదటిసారి అమ్మా అన్నప్పుడే వాడు లేడని తెలిసిపోయింది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడారమ్మా?" ఆ మాట మాత్రం నా సొంత గొంతుతో వచ్చింది.

"గొంతు వాడిదే కదా. ఫోను పెట్టేస్తే అదీ పోతుంది." తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "ఒక్కసారి వదినా అని పిలువు నాయనా. ఇంకేం అడగను."

ఇంతలో ఆపరేటరు వచ్చేశాడు. నేను పిలవలేకపోయాను.

5. కావున తమరు దయతలచి, డ్రిల్లు మాస్టారి మరణాన్ని ప్రకటించి, పూడ్చిన చోటు ఆ తల్లికి చూపించి, నన్ను ఈ పని నుండి తప్పించవలసిందిగా ప్రార్థన. అంతకుముందు, ఆ ఒక్క పిలుపు కోసం ఒక్క శుక్రవారం అనుమతి ఇప్పించవలెను.

ఇదీ నా మొర. చిత్తగించి కనికరించవలెను.

తమ విధేయుడు,
మిమిక్రీ వాడు

తా.క.: అనుమతి రాకపోయినా పిలుస్తానయ్యా, తర్వాత తమ ఇష్టం. నిన్న వంటింట్లో అతని గొంతుతో "వదినా, వదినా" అని సాధన చేస్తుంటే అక్క గడియ తీసి బయటికొచ్చింది. "ఎవరికిరా?" అంది. "వాళ్లమ్మకి" అని, సంగతంతా చెప్పాను. అంతా విని గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చింది. ఆఖరికి, "అలా అరవకు, అది ఉపన్యాసంలా ఉంది. మా మరుదులు నన్నెలా పిలుస్తారో గుర్తులేదా? చివర కాస్త సాగదియ్యి" అంది.