నాన్న నన్ను ‘అమ్మాయిగారూ’ అన్నాడు

12-5-85, ఆదివారం రాత్రి

ఇది ఇప్పుడే రాయాలి. రేపటికల్లా నా తప్పేం లేదని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

పొద్దున వసంత, పద్మ, నేను అద్దె సైకిళ్ళ మీద నూజివీడు వీధులన్నీ తీరిగ్గా తిరిగి, విస్సన్నపేట రోడ్డులో వసంత వాళ్ళ నాన్నగారు కాపు కొన్న మామిడితోటకి వెళ్ళాం. అక్కడ చిక్కం కట్టిన గడతో కాయలు కోస్తున్నది మా నాన్న. ఈ రోజు ఆ తోటలో కూలికి వెళ్ళాడని నాకు తెలియదు.

"ఏమయ్యా, మూడు కలెక్టరు కాయలు కోసివ్వు. ఉప్పూ కారం తెచ్చుకున్నాం," అంది వసంత.

నాన్న నా వైపు చూశాడు. నేను సైకిలు బెల్లు వైపు చూశాను. వాళ్ళిద్దరికీ కాయలిచ్చేశాడు. నా కాయకి మాత్రం సొన అంతా తువ్వాలుతో తుడిచి, "తీసుకోండి అమ్మాయిగారూ," అన్నాడు. సొన తగిలితే నా పెదవులు పొక్కుతాయని ఆయనకి తెలుసు.

"నీకొక్కదానికే ఆ మర్యాదేంటే? చుట్టమా?" అని పద్మ నవ్వింది.

"ఎవరో, నాకేం తెలుసు?" అన్నాను.

మా ఇంట్లో మొదట బడికెళ్ళింది నేనే. నేర్చుకున్నది ఇదన్నమాట.

సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, "సైకిలు బాగానే తొక్కుతున్నావమ్మా," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

వసంతకి ఇవ్వాల్సిన చీటీ ఇక్కడే రాస్తున్నాను. పొద్దున్నే చించి ఇచ్చేస్తాను.

"వసంతా, నిన్న మనకి కాయలు కోసిచ్చింది మా నాన్న. వచ్చే ఆదివారం మా ఇంటికొచ్చి ఆయన పక్కన కూర్చుని భోంచేస్తావా? పదహారో తేదీ గురువారంలోపు చెప్పు."