వెనిగర్ వంచబోయిన వంటాయన

చెల్లీ,

నేను కులాసాగానే ఉన్నాను, బెంగ పడకు. నిన్న మిషన్లలో బట్టలుతుక్కునే దుకాణంలో ఒక హోటల్ వంటాయన తన తెల్ల కోట్లకు బ్లీచింగ్ పోసి, మరకలు పోతాయని పైనుంచి వెనిగర్ కూడా వంచబోయాడు. ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది. "ఆగు నాయనా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"గుండె ఆగినంత పనైందమ్మా!" అన్నాడు.

"ఊపిరి ఆగలేదుగా, సంతోషించు" అన్నాను. అందరూ నవ్వారు.

వెంటనే నువ్వు గుర్తొచ్చావు. బాత్రూంలో బ్లీచింగ్ చల్లి, దానిమీదే యాసిడ్ పోస్తావు. పక్క గదిలో అమ్మ, అసలే ఆయాసం మనిషి. బ్లీచింగ్ ఒక్కటే నీళ్లలో కలిపి వాడు, కిటికీ తెరువు. అమ్మకు కొత్త మందు పడిందా? పిల్లలకు నా దీవెనలు. అమ్మ ఊపిరి కోసం రోజూ దేవుణ్ణి నేను అడుగుతున్నాను. యాసిడ్ సీసా ఇంట్లోకి రానివ్వకపోవడం మాత్రం నీ వంతు.

నీ అక్క