ఏడు నుంచి తొమ్మిది దాకా

ఫిబ్రవరి 2

మొత్తానికి ఇవాళ చెవి మిషన్ కొన్నాం. ఒక చెవికే. మా ఆవిడకి రెండు చెవులకీ పెట్టాలని డాక్టర్ నాలుగేళ్ల కిందటే చెప్పాడు. ఆగడం మంచిదే అయింది. ఇప్పుడు మోడల్ చిన్నదైంది, ధర కూడా దిగింది. ఎడమ చెవికి ఇంకొన్నాళ్లు ఆగితే ఇంకా దిగుతుంది. తొందర పడేవాళ్ల వల్లే షాపులు బతుకుతున్నాయి.

షాపు అమ్మాయి మిషన్ పెట్టి స్విచ్ వేయగానే ఆవిడ అదిరిపడి నా చొక్కా పట్టుకుంది. ఎవరో కుర్చీ జరిపితే ఆ చప్పుడుకి చిన్నపిల్లలా నవ్వింది. నా గొంతు ముసలిదైపోయిందట. ఇంటికొచ్చాక కొళాయి కారుతోందని చెప్పింది. నీటిచుక్క వృథా పోనివ్వని మనిషిని, నాకే వినపడలేదు! వెంటనే వాషర్ మార్చాను.

ఈ డైరీ ఐదేళ్ల కిందటిది. దారాల కంపెనీవాడు ఇచ్చాడు. వారాలు కలవవు. కలవకపోతే ఏం, కాగితం తెల్లగానే ఉంది.

ఫిబ్రవరి 3

బ్యాటరీ చొక్కా గుండీ కన్నా చిన్నది. అట్టకి ఆరు. వెనక చిన్న స్టిక్కర్ ఉంటుంది, అది పీకి మిషన్‌లో పెట్టాలి. లేచింది మొదలు పడుకునేదాకా పెట్టుకుంటే పది రోజులు వస్తుందట. అలాగే పెట్టుకోవాలి, లేకపోతే మెదడు మాటల్ని మర్చిపోతుంది అన్నాడు డాక్టర్. అమ్మించేవాళ్లు ఇంకేం చెబుతారు.

పగలంతా ఆవిడ ఇంట్లో ఒక్కతే. మాకు పిల్లలు లేరు. గోడలు ఏం మాట్లాడతాయని వినాలి? నేను వచ్చేది ఏడింటికి, పడుకునేది తొమ్మిదింటికి. ఏడు నుంచి తొమ్మిది దాకా పెట్టుకుంటే చాలు. మిగతా వేళ బ్యాటరీ తీసి డబ్బాలో పెట్టమన్నాను. సరే అంది. ఈ లెక్కన ఒక్కో బ్యాటరీ డెబ్బై రోజులు రావాలి. మొదటిది ఇవాళ పెట్టాం. అట్ట మీద తేదీ రాశాను.

ఫిబ్రవరి 9

ఏడింటికి నేను తలుపు తీసేసరికి ఆవిడ మిషన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంటుంది. నేను చెప్పులు విడవగానే పెట్టుకుంటుంది. ఇక మొదలు. ఫ్రిజ్ గురక పెడుతుందట. మా మెట్లలో నాలుగోది మూలుగుతుందట. పక్కవాటా ఆవిడ ఫోన్లో ఒకలా, మొగుడితో ఒకలా మాట్లాడుతుందట. నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్లూ ఇవన్నీ నా చెవుల్లో పడుతూనే ఉన్నాయి, ఒక్కటీ పట్టించుకోలేదు.

మొన్న నా పెద్ద కత్తెర ఇంటికి తెమ్మంది. తెచ్చాను. పాత దుప్పటి మీద ఆడించి చూపించమంది. పెళ్లయిన కొత్తలో మా చొక్కాల వర్క్‌షాపుకి ఇంట్లోనే కూర్చుని కాజాలు కుట్టేది, పక్కనే నేను గుడ్డ కోసేవాణ్ని. ఆ రోజుల్లో పొద్దస్తమానం విన్న చప్పుడట. దుప్పటి కొయ్యకుండా ఉత్తినే గాల్లో ఆడించాను. అలా కాదు, గుడ్డ తెగుతున్న చప్పుడు కావాలంది. దుప్పటి ఇంకా పనికొస్తుందన్నాను. దుప్పటి మడిచి పెట్టేసింది.

ఫిబ్రవరి 14

పెద్ద ఆర్డర్. మూడు సైజుల చొక్కాలు. ప్యాటర్న్ అట్టలు బల్ల మీద ఎలా పేర్చినా కాలర్లకి గుడ్డ చాలడం లేదని కుర్రాళ్లు చేతులెత్తేశారు. నేను సుద్ద పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. చేతి ముక్కల్ని తలకిందులు చేసి, వాటి సందుల్లో కాలర్లు ఇరికించాను. ప్రతి పదో చొక్కాకి ఒక చొక్కా గుడ్డ మిగిలింది. ఓనర్ వచ్చి చూసి, అంగుళం మాస్టర్ ఉండగా నాకేంటి అన్నాడు. వర్క్‌షాపులో నా పేరు అదే. ముప్ఫై ఏళ్ల నుంచి.

మిగలబెట్టడం కూడా ఒక విద్యే. ఎవరి చొక్కా చెయ్యీ పొట్టి కాలేదు. గుడ్డ మాత్రం మిగిలింది.

ఫిబ్రవరి 20

బ్యాటరీ అయిపోయింది. పదిహేడు రోజులకే! ఆవిడ డబ్బాలోంచి ఏదో మడత కాగితం తెచ్చి, ఇందులో రాసి ఉంది చూడండి అంది. కళ్లద్దాలు ఎక్కడో పెట్టాను. తర్వాత చూస్తానన్నాను. బ్యాటరీలో లోపమే అయ్యుంటుంది. రెండోది పెట్టాం.

మార్చి 9

మళ్లీ పదిహేడు రోజులే.

మార్చి 17

ఆదివారం కదా, ఇంట్లోనే ఉన్నాను. బావమరిది వచ్చాడు. వ్యాన్ నడుపుతాడు, గొంతు కూడా వ్యాన్ హారన్ లాంటిదే. ఆవిడకి మిషన్ లేకపోయినా వాడి మాటలు సగం వినపడతాయి. నాలుగింటికి వచ్చాడు. మిషన్ పెట్టుకోలేదేంటక్కా అని అడిగాడు. ఏడు కాలేదుగా అంది ఆవిడ, ఏదో బస్సు టైం చెప్పినట్టు. వాడు నా వైపు తిరిగాడు. మొహం జేవురించింది.

పొదుపు వేరు, పిసినారితనం వేరు బావా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తేడా నాకు తెలిసినంత ఎవడికీ తెలియదన్నాను. తనకి తక్కువ చేసుకుంటే పొదుపు, ఎదుటివాడికి తక్కువ చేస్తే పిసినారితనం. నావి నాలుగు చొక్కాలు. పదేళ్ల నాటి చెప్పులు. వర్క్‌షాపుకి నడిచే వెళ్తాను. ఎవడి నోటి దగ్గర కూడు లాక్కున్నానో చెప్పమన్నాను.

వాడు టీ కప్పు కింద పెట్టాడు. మరి మా అక్క నీ లెక్కలోదా, ఎదుటివాళ్ల లెక్కలోదా అని అడిగాడు.

ఇదేం ప్రశ్న. నా భార్య నేను కాక ఇంకెవరు? అదే చెప్పాను. అదే నీతో వచ్చిన చిక్కు బావా అని లేచి వెళ్లిపోయాడు. ఆవిడకి ఏం వినపడిందో తెలియదు. కప్పులు తీసింది.

మార్చి 26

మూడోది కూడా పదిహేడో రోజే పోయింది.

నేనేం వెర్రివాణ్ని కాదు. డెబ్బై రోజులు రావాల్సింది పదిహేడు రోజులకే పోతోందంటే, పగలు పెట్టుకుంటోందన్న మాట. ఆవిడ చెవి దగ్గర గట్టిగా అడిగాను. లేదంది. బ్యాటరీ దానంతటదే ఎలా పోతుందన్నాను. మళ్లీ ఆ కాగితం సంగతి ఎత్తింది. కాగితాలు కాదు, నాకు నిజం కావాలన్నాను. ఒక మాట మీద ఇంకో మాట పెరిగింది. రోజంతా ఎవరి మాటలు వింటున్నావు, అంత ముఖ్యమైనవాళ్లు ఎవరున్నారు అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఏడవలేదు. మిషన్ తీసి, బ్యాటరీ అరలోంచి చచ్చిన బ్యాటరీ గోటితో పైకి లేపి, కొత్తది స్టిక్కర్ పీకి నా అరచేతిలో పెట్టింది. ఇక మీదట మీ దగ్గరే ఉంచుకోండి, ఏడింటికి ఇవ్వండి, తొమ్మిదింటికి తీసుకోండి అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపమైనా బాగుండేది.

మార్చి 27

బ్యాటరీ చొక్కా జేబులో పెట్టుకుని పనికి వెళ్లాను.

ఏప్రిల్ 4

ఏడింటికి ఇస్తున్నాను. తీసుకుంటోంది. పెట్టుకుంటోంది. ఫ్రిజ్ లేదు, మెట్టు లేదు, పక్కవాటా ఆవిడ లేదు. భోజనం వడ్డిస్తుంది, తింటుంది, కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎనిమిదిన్నరకే తీసి ఇచ్చేస్తోంది. ఇంకా అరగంట ఉందన్నాను ఇవాళ. మిగిలిందిగా, ఉంచుకోండి అంది.

ఏప్రిల్ 12, సాయంత్రం ఏడున్నర

జేబులోంచి తీసి ఇచ్చాను. పెట్టుకుంది. పనిచేయడం లేదంది. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. లేదు. చచ్చిపోయింది.

లెక్క పెట్టాను. పదిహేడు రోజులు.

పగలంతా నా జేబులోనే ఉంది. నా గుండెల మీద. ఎవరూ ముట్టుకోలేదు.

ఆవిడ నా మొహం వంకే చూస్తోంది. కొత్తది పెట్టకుండా లేచి బయటికొచ్చేశాను.

ఏప్రిల్ 15, మధ్యాహ్నం

సెలవు పెట్టి షాపుకి వెళ్లాను. ముప్ఫై ఏళ్లలో సొంత పని మీద సెలవు పెట్టడం మూడోసారి.

ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది. స్టిక్కర్ ఉన్నంతసేపే అది నిద్రపోతుంది అంకుల్. పీకితే గాలి తగిలి లేస్తుంది. లేచాక మళ్లీ నిద్రపుచ్చడం ఎవరి వల్లా కాదు. మిషన్‌లో ఉన్నా, డబ్బాలో ఉన్నా, జేబులో ఉన్నా తరిగిపోతూనే ఉంటుంది. వాడకపోతే ఒక నాలుగు రోజులో, వారమో ఎక్కువ వస్తుంది. అంతే. మీవాళ్లు వినని గంటలన్నీ గాలిలో కలిసినట్టే. కాగితంలో మొదటి వాక్యమే అది, చదవలేదా అని అడిగింది.

ఒక్కో బ్యాటరీ మీద ఏడు రోజులు మిగిల్చాను. ఆ ఏడు రోజుల కోసం ఆవిడ దగ్గర రోజుకి పన్నెండు గంటలు లాక్కున్నాను. షాపు మెట్ల మీద నిలబడి వేళ్ల మీద లెక్క కట్టాను. ఒకసారి కట్టి నమ్మలేక మళ్లీ కట్టాను. బావమరిది అడిగిన ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. నాది అనుకున్నాను కాబట్టే అంత ధైర్యంగా కోశాను. పరాయివాళ్ల గుడ్డయితే కొలిచి కోసేవాణ్ని.

ఏప్రిల్ 15, సాయంత్రం

ఆ కాగితం డబ్బా అడుగున ఉంది. మొదటి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. నా కళ్లజోడు లేకపోయినా కనపడాలనేమో, నా సుద్దగీతంత లావుగా గీసింది. ఎప్పుడు గీసిందో.

ఆవిడ వంటింట్లో ఉంది. మిషన్ బల్ల మీద ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి, ఆవిడ చేతికిచ్చి, అప్పుడు చెప్పాల్సింది. అలా చేయలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, మామూలు గొంతుతో, తప్పు నాదే, నిన్ను అనరాని మాట అన్నాను అని చెప్పాను. వినపడదని తెలుసు. వినపడదు కాబట్టే నోరు పెగిలింది.

నా పెదాలు కదలడం చూసి, ఏమన్నారు అంది.

ఏం లేదు అన్నాను.

క్షమాపణలో కూడా కక్కుర్తి పడ్డాను. థూ.

ఏప్రిల్ 18

ఇవాళ ఒక థాను గుడ్డ మొత్తం తప్పు కోశాను. ఓనర్ తిట్టలేదు. ఒంట్లో బాగోలేదా మాస్టర్ అని మాత్రం అడిగాడు.

ఏప్రిల్ 21

చెప్పేశాను. మిషన్ పెట్టించి, ఎదురుగా కూర్చుని, అంతా చెప్పాను. బ్యాటరీ సంగతి, జేబు సంగతి, గుమ్మంలో దొంగతనంగా చెప్పిన సంగతి కూడా. ఆవిడ చివరిదాకా విన్నది. సరేలెండి, అయిపోయిందిగా అంది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే అన్నట్టు. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో.

పొద్దున నుంచీ పెట్టుకో, ఎన్ని అట్టలైనా తెస్తానన్నాను. ఎందుకండీ, అలవాటు తప్పిపోయింది, చప్పుడుకి తలనొప్పి వస్తోంది అంది. పక్కవాటా ఆవిడ గొంతు ఇప్పుడు వట్టి గోలగా ఉందట. ఏ మాటకి ఆ మాట విడిగా పలకడం లేదట.

ఏప్రిల్ 29

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు చెవులకీ పరీక్ష చేశారు. నోరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని ఒకమ్మాయి ఒక్కో మాట చెబుతుంది, ఆవిడ తిరిగి చెప్పాలి. చిన్న చిన్న మాటలు. పాలు. తాడు. మేడ. ఆవిడ చాలా శ్రద్ధగా, బడిలో పిల్లలా, తప్పు చెప్పింది. మేడ అంటే పేడ అంది. నవ్వింది. తర్వాత మాటకి నవ్వలేదు.

నేను ఏదీ పారేయను కదా. నాలుగేళ్ల కిందటి కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. అప్పుడు ఎడమ చెవికి ఇరవై అయిదు మాటల్లో పంతొమ్మిది. ఇప్పుడు ఆరు. డాక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. శబ్దం వెళ్తోంది, మాట వెళ్లడం లేదన్నాడు. అప్పుడే పెట్టి ఉంటే అన్నాడు. ఇప్పుడు పెట్టినా పోయినవన్నీ రావన్నాడు. కుడి చెవి కొంచెం నయం, దాన్నైనా కాపాడుకోండి అన్నాడు.

ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమన్నారట అని అడిగింది. రోడ్డు మీదికి వచ్చాక చెబుతానన్నాను. రోడ్డు మీద చెప్పలేదు.

మే 3

ఎడమ చెవికి కూడా మిషన్ కొన్నాను. ధర దిగలేదు. బ్యాటరీ అట్టలు పది తెచ్చాను. ఆవిడ వాటిని చూసి, ఇన్ని ఎందుకు, పాడైపోవూ అంది. స్టిక్కర్ పీకేదాకా ఏమీ కావు అన్నాను. అవును, నాకు తెలుసు అంది.

ఎల్లుండి ఆదివారం. నా కోసం ఒక్కరోజు రెండూ పెట్టుకుని ఉండమని అడిగాను. పొద్దున నుంచి పడుకునేదాకా. మాట్లాడుతూనే ఉంటానన్నాను. ఒప్పుకుంది.

మే 5

లేవగానే రెండు చెవులకీ పెట్టుకుంది. కొత్త బ్యాటరీలు. నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. డాక్టర్ అన్న మాట తప్ప నాకు ఇంకేదీ తోచలేదు, అది చెప్పే ధైర్యం లేదు. పదకొండు దాకా చూసింది. మిషన్లు పనిచేయడం లేదా, మీరే ఏం మాట్లాడడం లేదా అని అడిగింది.