తిరిగొచ్చాడని రాయని వార్త

మాస్టారూ, నమస్కారం. మీరు పోయి ఎనిమిది నెలలైంది.

మొన్న జువైనల్ హోమ్‌కు వెళ్ళాను. కేసుల్లో ఉన్న పిల్లలకు మీరు పన్నెండేళ్ళు డ్రిల్లు నేర్పిన చోటే. గ్రౌండ్ గేటుకు ఇంకా తాళమే. మీరు సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు మీద వాచ్‌మన్ మిరపకాయలు ఆరబోసుకున్నాడు. అక్కడ ఎండ బాగా తగులుతుందట.

పిల్లలు హాల్లో టీవీ ముందున్నారు. మధ్యాహ్నం తిని కూర్చుంటే మళ్ళీ రాత్రి అన్నానికే లేస్తారు. పదహారేళ్ళవాడొకడు బట్టల బకెట్‌తో మేడమెట్లు ఎక్కి, పైన నిలబడి రొప్పాడు. నిద్ర పడుతోందా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు...

మీ దగ్గర గంటసేపు ఆడి, అన్నం తినగానే పడుకునేవాళ్ళు. మొదటిసారి కలిసినప్పుడు మీరన్న మాట గుర్తుందా? "ఏమయ్యా విలేకరీ, వీళ్ళలో సగం మంది పత్తి తీసి, మిరప కోసి వచ్చినోళ్ళే. నడుం వంగిపోయుంటది. ముందు నిటారుగా నించోబెడదాం, బుద్ధి సంగతి తర్వాత."

పోయినేడు మిరప కోతలప్పుడు, పరుగు మధ్యలో ఒకడు గోడ దూకాడు. మర్నాడు మొదటి పేజీలో నా వార్త వచ్చింది. ఒక్క తప్పూ లేదు అందులో. ఆ పొద్దున్నే వాడు దర్శి వైపు చేలల్లో జ్వరంతో ఉన్న తల్లిని చూసొచ్చి, తనంతట తానే గేటు ముందు నిలబడ్డాడు.

మీరు ఫోన్ చేశారు. "పారిపోయాడని పెద్దక్షరాల్లో రాశావు గదయ్యా. తిరిగొచ్చాడని చిన్నక్షరాల్లో అయినా రాయి."

అది వార్త కాదన్నాను.

ఆ వారమే గ్రౌండ్‌కు తాళం వేశారు. మిమ్మల్ని రిజిస్టర్ల ముందు కూర్చోబెట్టారు. అందుకే పోయారని నేననను. గుండెపోటని డాక్టరు రాశాడు. అయినా... రిజిస్టర్ల ముందు గడిపిన ఆ నాలుగు నెలలూ మీరు నాకు మళ్ళీ ఫోన్ చేయలేదు, ఎందుకు?

తాళం ఎందుకు తీయరని మొన్న అడిగాను. సూపరింటెండెంట్ ఫైలు తెరిచి చూపించాడు. అందులో ఉన్నది నా వార్త కటింగే. తిరిగొచ్చిన సంగతి ఎక్కడా లేదు.

ఇవాళ రాశాను, మాస్టారూ. నాలుగు పేరాలు. ఏడాది పాత వార్త, డెస్కు వేస్తుందో లేదో... వేస్తే ఆ కటింగ్ నేనే ఫైల్లో పెట్టిస్తాను. వేయకపోతే సంతకం చేసి చేతిరాతే ఇస్తాను.

మిరపకాయలు వారంలో ఎత్తేస్తానన్నాడు వాచ్‌మన్. సున్నం బస్తా కొని వాడి గది పక్కన పెట్టి వచ్చాను.

మీ విలేకరి