నా వంతు ప్రార్థన

బుధవారం, రాత్రి

పొద్దున అమ్మ జొన్నరొట్టె తడుతుంటే పెదవులు కదులుతున్నాయి. పాడుతోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే ప్రార్థన.

సాయంత్రం ప్రార్థన కూటం మరియమ్మ పెద్దమ్మ ఇంట్లో జరిగింది. పెదనాన్నకు రేపు హైదరాబాద్ దవాఖానాలో గుండె ఆపరేషన్. మా కూటంలో చాపల మీద కూర్చున్న వరుసలోనే ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. నా వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఊరుకున్నాను. మాటలు లేకుండా దేవుని ఎదుట ఉండడం బడిలో సిస్టర్లు నేర్పారు. నాకు బాగా వచ్చిన ప్రార్థన అదొక్కటే.

"ఏందే, నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?" అంది పాస్టరమ్మ.

"కాన్వెంట్‌ల సదివింది గద, ఇంగ్లిష్‌ల చేస్తున్నదేమో," అని ఎవరో నవ్వారు.

పక్కనున్న ఆమె అందుకుంది. వరుస ముందుకు సాగింది.

అందరూ లేచాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ పెదనాయిన కోసం ఒక్క మాటన్న అడగకపోతివి బిడ్డా."

"అడిగిన పెద్దమ్మా, మనసుల."

"దేవునికి ఇనపడ్తది. నాకెట్ల ఇనపడాలె?"

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మళ్లీ ప్రయత్నించాను. మనసు నిలవలేదు. సాయంత్రం నేను ఊరుకున్నదంతా ప్రార్థనేనా, లేక భయమా అని...

కూటానికి ముందే, మధ్యాహ్నం పెద్దమ్మ కొడుకు దవాఖానా నుంచి నాకు ఫోన్ చేశాడు. ఆపరేషన్ చేసినా ఆశ తక్కువేనని డాక్టర్లు అన్నారట. "నాకు నోరు వస్తలేదక్కా, అమ్మకు నువ్వే చెప్పు," అన్నాడు. నేనింకా చెప్పలేదు.