తాడు మీది గొంగడి

గోదావరిఖని, శుక్రవారం

బాపూ, నేను పానంతోని మంచిగున్న, ఫికర్ చెయ్యకు. ఫోన్ల నీకు వినవడదని కార్డు రాస్తున్న.

నిన్న గోదారి ఒడ్డు బురదల బొగ్గు లారీ దిగవడ్డది. మిలిటరోళ్లు వేలంల అమ్మిన, నువ్వు నడిపిన పాత బండితోనే ఇనుప తాడేసి గుంజుతుంటిమి. తాడు తెగినా ఎగరకుండ నడుమ తడి గొంగడి కప్పాలె అంటివి గదా. కప్పనీకి నీతోని పనిచేసిన రాజలింగన్న పోతుంటే "వద్దన్నా, జల్ది కానియ్యి" అని నేనే ఒర్రిన. ఆయన ఇనలే. "మీ బాపుకు మాటిచ్చిన" అని కప్పిండు. రెండోసారి గుంజంగనే తాడు తెగింది. తెగిన కొస నా మీదికే లేసింది గని, గొంగడి బరువుకు నా కాళ్ల ముంగట కూలింది. గొంగడి రెండు తునుకలైంది.

చెవికి దవాఖానకు పోయినవా? బర్రె ఈనిందా? ఇంట్ల ఇంకో పాత గొంగడి ఉంటే బస్సుల ఎయ్యి. రాజలింగన్న కాళ్లు మొక్కిన, నీకు గూడ ఈడికెల్లే మొక్కుతున్న.

తునుకలైన గొంగడి అవ్వ తన తల్లిగారింటి నుంచి తెచ్చింది. ఏదని అడిగితే, తాడు సంగతి తియ్యకు, ఎవలో ఎత్కపోయిన్రని చెప్పు.

నీ ఓదెలు