కొట్టేసిన జవాబు

పారిస్, 4 మార్చి 1979

ప్రియమైన నాన్నకు,

నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం పంపుతున్నాను. తత్త్వశాస్త్రం అనగానే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు, అయినా చదువు. భౌతికశాస్త్రానికి గణితం ఉత్త పనిముట్టు కాదని, ప్రకృతిలో ఏం వెతకాలో చెప్పేది కూడా అదేనని నా వాదన. మా గైడ్ మదాం వస్సెల్ మాత్రం "తీసెయ్యమ్మా. పరీక్షకుల్లో ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు, నిన్ను నమిలి మింగేస్తారు" అంటోంది. తీసేస్తే నాదంటూ ఏమీ మిగలదు. నలభై ఏళ్లు ప్రయోగశాలలో గడిపావు, నువ్వే చెప్పు. మే పద్దెనిమిదిన మౌఖిక పరీక్ష.

నీ ఆర్మెల్

బ్రెస్ట్, 11 మార్చి

బంగారుతల్లి ఆర్మెల్‌కు,

చదివాను. రాత బాగుంది, విషయమే గాలిమేడ. గణితం మాకు సుత్తి. మేకు ఎక్కడ కొట్టాలో సుత్తి చెబుతుందటే? ఒక్కనాడైనా చేతికి నూనె మరక అంటితే ఇలా రాసేదానివి కాదు. మీ మేడమ్ మాట విను. ఇక్కడ ఒకటే వాన.

మీ నాన్న

పారిస్, 20 ఏప్రిల్

నాన్నా,

నీ ఉత్తరం తర్వాత మూడు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అంత కోపమా? నువ్వే నమ్మనిదాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లు నమ్ముతారా? వచ్చే సోమవారం ఆ అధ్యాయం తీసేస్తున్నాను.

ఆర్మెల్

బ్రెస్ట్, 22 ఏప్రిల్

నా తల్లికి,

తీయకు. నాది కోపం కాదు, సిగ్గు. ఇన్నాళ్లూ అటక మీద పాత నోటుపుస్తకం వెతుకుతూ కూర్చున్నాను, నిన్న దొరికింది. 1948లో నా సమీకరణానికి రెండు జవాబులొచ్చాయి. రెండోది వెనక్కి నడిచే తరంగం. అలాంటిది ఎక్కడా ఉండదని కొట్టేశాను. ఐదేళ్ల తర్వాత లియోన్‌లో ఎవరో దాన్ని కొలిచి చూపించారు. నీ మాట ఒప్పుకుంటే నా తప్పు ఒప్పుకోవాలి, అందుకే నీ మీద ఎగిరాను. పరీక్షకు మాత్రం రాను. అక్కడ కూర్చుంటే నా నోరు ఊరుకోదు.

సిగ్గులేకుండా ప్రేమతో,
నాన్న

పారిస్, 19 మే

నాన్నా,

రానన్నవాడివి వచ్చావు, ఫలితం చెప్పేలోపే రైలుకని పరుగెత్తావు. నెగ్గాను! నాలుగో అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

"సభలో డాక్టరేట్ ఉన్నవాళ్లు ఎవరైనా ప్రశ్న అడగొచ్చు" అని అధ్యక్షుడు ఆచారం కొద్దీ అంటాడు, ఎవరూ అడగరు. నువ్వు లేచి అడిగావు: "అమ్మాయీ, గణితం ఇచ్చిన ప్రతి జవాబూ నమ్మేయాలా? ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో గణితమే చెబుతుందా?" పరీక్షకుల ప్రశ్నలన్నీ కలిపినా ఇంత కష్టం కాదు.

"చెప్పదండీ. అక్కడే మీరు కావాలి" అన్నాను.

సభ నవ్వింది. నువ్వు కూర్చున్నావు. అది సభ కోసం అన్న మాట కాదు నాన్నా.

నీ కూతురు
ఆర్మెల్